కంచరగాడిదలో గురువారాలు

ఫిబ్రవరి 6, గురువారం

సాయంత్రం కంచరగాడిదకి వెళ్ళి వచ్చాను. దాని అసలు పేరు ఓల్డ్ మ్యూల్ టావెర్న్. బోర్డు మీద బొమ్మ కూడా ఉంది కాబట్టి నా డైరీలో నా అనువాదమే ఉంటుంది.

భోజనానికి వెళ్ళలేదు, బిల్డింగ్ చూడటానికి వెళ్ళాను. మేము ఈ ఊరికి వచ్చిన కొత్తలో అది నడుస్తూనే ఉండేది. ఒక్కసారి కూడా లోపల అడుగు పెట్టలేదు. తాగం, మాంసం తినం, పైగా నలుగురూ ఏమనుకుంటారో అని భయం. ఆ నలుగురు తెలుగువాళ్ళూ గంటంపావు దూరాన మోరిస్‌విల్‌లో ఉండేవాళ్ళు. అయినా భయమే. తర్వాత అది మూతపడింది. కిటికీలకి చెక్కలు కొట్టి ఇరవై ఏళ్ళు గబ్బిలాలకి వదిలేశారు. ఇప్పుడు నోరా అనే ఆవిడ తీసుకుని, ఊళ్ళోవాళ్ళ చేతే రంగులు వేయించి, కిందటి నెల మళ్ళీ తెరిచింది. గురువారం సాయంత్రం మాత్రం ఊరందరికీ ఒకటే పొడుగాటి బల్ల, ఒకటే వంట. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చోవడమే.

బల్ల చుట్టూ ఉన్న మొహాల్లో సగం నాకు తెలుసు. తెలుసంటే, నిద్రపోతుండగా తెలుసు. ఇక్కడి కౌంటీ హాస్పిటల్‌లో ముప్పై ఏళ్ళు మత్తు డాక్టరుగా చేశాను. మా ఆయన పద్మనాభం గారు కోసేవారు, నేను నిద్రపుచ్చేదాన్ని. మర్నాడు ఆయన మంచం పక్కన కూర్చుని చేపల వేట దగ్గర్నుంచి ఫుట్‌బాల్ దాకా పేషెంట్లతో కబుర్లు చెప్పేవారు. నాతో మాత్రం ఈ ఊళ్ళో ఎవరైనా వంద నుంచి తొంభై ఆరు దాకా లెక్కపెట్టేవరకే మాట్లాడారు. ఆయన పోయి మూడేళ్ళయింది. కబుర్లూ ఆయనతోనే పోయాయి.

స్కూలు బస్సు నడిపి రిటైరైన వేన్ నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "డాక్టర్ ఉమా! నా గాల్‌బ్లాడర్ తీసిన రోజు నేను చూసిన ఆఖరి మొహం మీదే!" అన్నాడు. దానికి థాంక్స్ చెప్పాలో సారీ చెప్పాలో తెలియలేదు.

ఆకుకూరలో పంది మాంసం ఉందట. నేను తిననని తెలిసి నోరా నాకోసం చిక్కుడు గింజల సూప్, మొక్కజొన్న రొట్టె తెచ్చింది. రుచిగా ఉంది. "ఇంకాస్త వెయ్యనా?" అంది. "వద్దు వద్దు, చాలు" అన్నాను. "ఓకే" అని గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

అదేం వడ్డన? మనిషన్నవాళ్ళు మొదటిసారి అడిగితే ఔనంటారా? వద్దంటూనే గిన్నె కాస్త ముందుకు జరిపాను కూడా. ఇంటికొచ్చి ఆవకాయతో పెరుగన్నం తిన్నాను.

ఫిబ్రవరి 7

ఇక వెళ్ళను. చూడాల్సింది చూశాను కదా.

ఫిబ్రవరి 13, గురువారం

ఇంట్లో పెరుగు అయిపోయింది. స్టోరుకి వెళ్తూ దారిలో ఉంది కదా అని కంచరగాడిద దగ్గర ఆగాను. స్టోరు ఆ దారిలో లేదు. నా డైరీలో నేనెవరికి సంజాయిషీ చెప్పాలి?

బల్ల చివర ఒకమ్మాయి ఒక్కతే కూర్చుని ఫోన్ చూసుకుంటూ తింటోంది. ఊరికి కొత్తగా వచ్చిన నర్సట. మన పెళ్ళిళ్ళలో అలా పంక్తి చివర ఒంటరిగా ఒక మనిషి తింటుంటే పెద్దవాళ్ళు ఊరుకుంటారా? లేపి తీసుకొచ్చి వేన్‌కీ నాకూ మధ్య కూర్చోబెట్టాను. వేన్ తన బస్సు కథలు మొదలుపెట్టాడు, ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. నోరా గుమ్మంలోంచి చూస్తూ నిలబడింది.

ఇవాళ సూప్ రెండోసారి నేనే వేసుకున్నాను, ఆవిడ లోపలికి వెళ్ళినప్పుడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

మోరిస్‌విల్‌లో మా అమ్మాయి చరిత ఇంట్లో భోజనం. అల్లుడు ఫణిది తెనాలి. కొసరి వడ్డించడంలో అతన్ని మించినవాడు ఈ రాష్ట్రంలో ఉండడు. గారెలు చాలంటే రెండు వేశాడు. ఇక చాలని చెయ్యి అడ్డం పెట్టినా సందులోంచి జారవిడిచాడు. ఇదీ వడ్డనంటే అనిపించింది. ఆ సంతోషం పాయసం దాకానే.

కింద ఉన్న ఆఫీస్ గది ఖాళీ చేశారు. గోడలకి ఊదారంగు వేశారు. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు బిగించారు. నాకు అరవై ఎనిమిదేళ్ళు, ఇంకా మెట్లు రెండేసి ఎక్కుతాను.

"అమ్మమ్మా, ఇది నీ రూమ్! కలర్ నేనే పిక్ చేశాను!" అంది మనవరాలు అనన్య.

"అమ్మా, అక్కడ నువ్వు ఒక్కదానివే ఉన్నావ్. ఇట్స్ నాట్ సేఫ్. ఇల్లు సెల్ చేసేసి ఇక్కడికి వచ్చేసెయ్" అంది చరిత.

"వద్దమ్మా. నాకక్కడే బాగుంది" అన్నాను.

చరిత మొహం చిన్నబుచ్చుకుని మొగుడి వైపు చూసింది. ఈ దేశంలో పుట్టిన పిల్ల, వద్దంటే వద్దనే అనుకుంటుంది. ఫణి ఊరుకుంటేనా?

"నువ్వుండు చరితా. పెద్దవాళ్ళు ముందు వద్దనే అంటారు. మా అమ్మమ్మ కూడా అంతే. మనమే గట్టిగా అడగాలి. అత్తయ్యగారూ, మీరలాగే అంటారు గానీ, మాకు తెలీదా చెప్పండి!"

నిజంగానే వద్దన్నాను. దాన్ని ఏ భాషలో చెప్పాలో నాకు తెలియలేదు. మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ వద్దన్నాను. అన్నకొద్దీ అతనికి ఉత్సాహం పెరిగింది. వాళ్ళు మంచి పిల్లలు. అందుకే ఇంత కష్టంగా ఉంది. ఆ ఊదారంగు గదిలో కూర్చుంటే పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎవరో ఒకరు ఇంటికొచ్చే కారు చప్పుడు కోసం చెవులు రిక్కించడమే నా పని అవుతుంది. నాకది ఇష్టం లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

ఇవాళ నోరా నన్ను పక్కకి పిలిచింది. గురువారం బల్లకి ఒక హోస్ట్ కావాలట. గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళని పలకరించడం, ఎవరి పక్కన ఎవరు బాగుంటారో చూసి కూర్చోబెట్టడం, ఎవరూ ఒంటరిగా తినకుండా చూడటం, వడ్డనకి ముందు గంట కొట్టడం. "ఆ రోజు నర్సమ్మాయిని మీరు తీసుకొచ్చి కూర్చోబెట్టారు చూశారా, అప్పుడే అనుకున్నాను. మీరు చేస్తారా, డాక్టర్ ఉమా?" అంది.

ఎంత పొంగిపోయానో నాకే తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఈ ఊరు నన్ను ఏదైనా అడిగిందంటే తొందరగా నిద్రపుచ్చమనే అడిగింది. మెలకువగా ఉన్నవాళ్ళ మధ్య ఉండమని అడగడం ఇదే మొదలు.

"అయ్యో, నేనెందుకు? నాకంటే బాగా చేసేవాళ్ళు చాలామంది ఉంటారు" అన్నాను.

"ఓకే, నో ప్రాబ్లమ్! అడిగి చూద్దామనిపించింది, అంతే" అని నా భుజం తట్టి లోపలికి వెళ్ళింది.

మళ్ళీ అడుగుతుంది. అడగకుండా ఎలా ఉంటుంది? అంత పెద్ద బాధ్యత ఎవరైనా ఒక్క మాటలో వదిలేస్తారా?

ఫిబ్రవరి 22, శనివారం

ఊరికే యాపిల్ పై తినాలనిపించి కంచరగాడిదకి వెళ్ళాను. నోరాకి అవకాశం ఇవ్వాలి కదా. కౌంటర్ దగ్గరే కూర్చున్నాను, బాగా ఎదురుగా. పై ఎలా ఉందని అడిగింది. వాతావరణం గురించి అడిగింది. కాఫీ కావాలా అని అడిగింది, వద్దన్నాను, పొయ్యలేదు. అసలు విషయం ఎత్తలేదు.

"హోస్ట్ దొరికారా?" అన్నాను, ఏదో మాట వరసకన్నట్టు.

"ఇంకా లేదు" అంది.

ఇంతకంటే నేనేం చెయ్యాలి? మా వాళ్ళెవరైనా అయితే ఈపాటికి బొట్టు పెట్టి మరీ పిలిచేవాళ్ళు.

ఫిబ్రవరి 24

నోరా ఫోన్ చెయ్యలేదు. నా నంబరు ఆవిడ దగ్గర ఉంది.

ఫిబ్రవరి 25

చెయ్యలేదు.

ఫిబ్రవరి 27, గురువారం

గుమ్మం దగ్గర డేల్ నిలబడి ఉన్నాడు. ఇన్సూరెన్స్ అమ్మి రిటైరైన మనిషి. నోరా అడిగిన మరుక్షణం "తప్పకుండా!" అన్నాడట. సిగ్గు లేకపోతే సరి. వచ్చినవాళ్ళందరికీ తన పడవ గురించి చెప్పాడు. మొగుడూ పెళ్ళాలని తీసుకెళ్ళి బల్లకి ఆ చివరొకరినీ ఈ చివరొకరినీ కూర్చోబెట్టాడు. నర్సమ్మాయిని చెవిటి ముసలాయన పక్కన పడేశాడు. గంట మాత్రం ఊరంతా అదిరేలా కొట్టాడు.

"డేల్ బాగా చేస్తున్నాడు కదా?" అంది నోరా.

"చాలా బాగా" అన్నాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేనడగలేదు, సరే. అడిగినామె ఇంకోసారి అడిగితే నోరు అరిగిపోయేదా? మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉండనే ఉంది. అది రాయడానికీ మొహమాటంగా ఉంది.

మార్చి 2, ఆదివారం

పిల్లలు వచ్చారు. వెంట ఇళ్ళమ్మే ఏజెంటుని కూడా తీసుకొచ్చారు. ఈ ఊరి మనిషే, చేతినిండా కాగితాలు. ఇంటికొచ్చిన మనిషిని కాఫీ ఇవ్వకుండా ఎలా పంపుతాం? ఇచ్చాను. కాఫీ తాగుతూ వంటిల్లు మెచ్చుకుంది. కిటికీలు మెచ్చుకుంది.

"జస్ట్ మార్కెట్ ఎలా ఉందో చూద్దాం అత్తయ్యగారూ. నో ఆబ్లిగేషన్" అన్నాడు ఫణి. పొద్దున్నే లేచి గంటంపావు డ్రైవ్ చేసి వచ్చాడు. నా మోకాళ్ళ కోసం ఏదో నూనె కూడా తెచ్చాడు. మోకాళ్ళు నొప్పని నేనెప్పుడూ అనలేదు.

"సరే, చూద్దాం" అన్నాను. మనలో చూద్దామంటే ఏమిటో ఫణికి తెలిసుండాలి. ఏజెంటు పెన్ను చేతికిచ్చింది. అందరూ నా వైపే చూస్తున్నారు. సంతకం పెట్టేశాను.

ముప్పై ఏళ్ళు, సంతకం లేనిదే ఒక్కరికీ సూది గుచ్చలేదు నేను. ఇది చదివారా, అర్థమైందా, ఎవరి బలవంతమూ లేదు కదా అని ప్రతివాళ్ళనీ అడిగేదాన్ని. ఇవాళ నన్నెవరూ అడగలేదు.

మార్చి 5

ఇంటి ముందు బోర్డు పాతారు. పొద్దున్న పేపర్ తీసుకోవడానికి బయటికి వెళ్ళి, ఎవరిదో ఇల్లు అమ్మకానికి పెట్టారనుకున్నాను.

మార్చి 6, గురువారం

వెళ్ళలేదు. తలనొప్పి.

మార్చి 13, గురువారం

వెళ్ళాను. నేను లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. డేల్ కూడా పడవ సంగతి ఎత్తలేదు. వేన్ నా ప్లేటు తనే తెచ్చి పెట్టాడు. ఎవరూ బోర్డు గురించి అడగలేదు. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు "నిజంగానే వెళ్ళిపోతున్నారా?" అని అడిగితే అక్కడికక్కడే చెప్పేసేదాన్ని. ఇంకొకళ్ళ ఇంటి వ్యవహారం అడగకూడదని వీళ్ళ మర్యాద. అడగనిదే చెప్పకూడదని నా మర్యాద. ఇద్దరం మహా మర్యాదస్తులం.

మార్చి 18, మంగళవారం

ఇల్లు కొంటామని ఎవరో వచ్చారట. శుక్రవారంలోగా ఏ సంగతో చెప్పాలి. చరిత ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది సంతోషంతో. "అమ్మా, ఐయామ్ సో హ్యాపీ. నాన్న పోయినప్పటినుంచి నైట్స్ నాకు వర్రీగానే ఉంటోంది" అంది.

వద్దని ఎలా చెప్పను? మూడేళ్ళుగా నిద్ర లేదంటోంది నా కూతురు. నిద్రపుచ్చడం నా వృత్తి.

శుక్రవారం సరేనని చెప్పేస్తాను. అక్కడ లైబ్రరీ ఉంది, గుడి ఉంది, మనవాళ్ళ షాపులున్నాయి. బాగానే ఉంటుంది. బాగానే ఉంటుంది.

మార్చి 20, గురువారం

అన్నీ వరసగా రాస్తాను, లేకపోతే రేపు నేనే నమ్మను.

ఆఖరి గురువారం కదా అని పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. తలుపు తీసేసరికి బల్ల నిండా జనం, గోడల వెంట కూడా నిలబడి ఉన్నారు. మధ్యలో కేకు. దాని మీద గుడ్‌బై, డాక్టర్ ఉమా అని నీలం అక్షరాలు. బల్ల తల దగ్గర చరిత, ఫణి, అనన్య కూర్చుని ఉన్నారు. ఏజెంటు దగ్గర నంబరు తీసుకుని నోరాయే పిలిపించిందట. రెండోసారి నన్ను అడగలేని మనిషి, వీళ్ళందరినీ పిలవగలిగింది.

నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. తిన్నారు. తర్వాత వేన్ లేచాడు. ఏదో జోక్ వేస్తాడనుకున్నాను.

"గాల్‌బ్లాడర్ ఆపరేషన్ రోజు నేను చాలా భయపడ్డాను. మా ఆవిడక్కూడా చెప్పలేదు. డాక్టర్ ఉమా నా చెయ్యి పట్టుకుని, మీరు లేచేసరికి నేనిక్కడే ఉంటానన్నారు. లేచి చూస్తే, ఉన్నారు" అని కూర్చున్నాడు.

నోరా తల్లికి కూడా అదే మాట చెప్పానట. డేల్‌కి రెండుసార్లు, రెండు మోకాళ్ళకి. గోడ దగ్గర నిలబడ్డ ఒక పొడుగాటి కుర్రాడు, తనకి ఆరేళ్ళప్పుడు టాన్సిల్స్ తీశారనీ, ఆ మాట గుర్తుందనీ చెప్పాడు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, అందరిదీ అదే మాట. నేను ప్రతివాళ్ళకీ అలవాటుగా చెప్పే మాట అది. నిద్రలోకి జారుకుంటూ వింటున్నారనే అనుకోలేదు. ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో నాతో ఎవరూ మాట్లాడలేదని రాశాను కదా ఈ డైరీలో! విన్నవాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

నోరా నా ముందుకొచ్చి నిలబడింది. "ఇది అడగకూడదని నాకు తెలుసు. మీ ఇంటి విషయం. అయినా ఒక్కసారి అడుగుతాను. ఇక్కడే ఉండిపోకూడదూ?"

నేను కలలు కన్న ప్రశ్న. నా నోరు తెరుచుకుంది.

"అయ్యో, వద్దు వద్దు. నావల్ల మీకెందుకు ఇబ్బంది?"

అనేశాను! అరవై ఎనిమిదేళ్ళ అలవాటు నన్ను అడక్కుండా ముందుకొచ్చి మాట్లాడేసింది. నోరా తల ఊపింది. "అర్థమైంది" అని కేకు కొయ్యడానికి వెనక్కి తిరిగింది. నా నాలుకని నేనే కోసుకోవాలనిపించింది. ఈ వీసెడు మర్యాదతో ఊదారంగు గదికి వెళ్ళిపోతున్నాను, ఇక ఆపేవాళ్ళు లేరు అనుకున్నాను.

అప్పుడు కుర్చీ కిర్రుమంది. ఫణి లేచాడు. చేతిలో ఫోర్క్ అలాగే ఉంది. నా మొహం వంకే చూస్తున్నాడు. గారెలు వద్దన్నప్పుడు నా చెయ్యి చూస్తాడే, అలా చూస్తున్నాడు.

"ఆగండి!" అన్నాడు ఇంగ్లీషులో. "మళ్ళీ అడగండి."

నోరాకి అర్థం కాలేదు. "ఆవిడ వద్దన్నారు కదా?"

"అది వద్దు కాదు. నాకు తెలుసు. ప్లీజ్, ఇంకొక్కసారి అడగండి."

"ఫణీ, వాట్ ఆర్ యూ డూయింగ్?" అని చరిత అతని చొక్కా పట్టుకుని లాగింది.

"చరితా, మనకి చెప్పిన వద్దు వేరు. ఇది వేరు. మీ అమ్మ మొహం చూడు."

చరిత చూసింది. చాలాసేపు చూసింది. నా కూతురు నన్నలా చూసి ఎన్నాళ్ళయిందో! తర్వాత మెల్లగా చొక్కా వదిలేసింది.

నోరా కత్తి కింద పెట్టి మళ్ళీ నా ముందుకొచ్చింది. "డాక్టర్ ఉమా, ఉంటారా?"

"ఉంటాను" అన్నాను.

వేన్ బల్ల మీద గుద్దిన గుద్దుకి గ్లాసులు దొర్లాయి. డేల్ గంట కొట్టాడు, ఎవరూ అడక్కుండానే. ఈసారి నాకేమీ అనిపించలేదు.

బయట కారు దగ్గర అనన్య ఏడుపు మొహంతో "మరి పర్పుల్ రూమ్?" అంది. చరిత నన్ను గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "రోజూ నైట్ కాల్ చెయ్యాలి. ప్రామిస్?" అంది. ప్రామిస్ చేశాను. ఫణి కారు తాళాలు చేతిలో తిప్పుకుంటూ దూరంగా నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, మా ఇంటికి రమ్మన్నప్పుడు మీరు వద్దన్నది..."

"నిజంగానే వద్దన్నాను, ఫణీ."

"అన్నిసార్లూనా?"

"అన్నిసార్లూ."

నొచ్చుకున్నాడు. కనపడింది. గోడలకి రంగు వేసింది అతనే, రెండు పూతలు. "మరి ఏది నిజమో మేమెలా తెలుసుకోవాలండీ?" అన్నాడు.

ఇక నుంచి ఒక్కసారే చెప్తానని మాటిచ్చాను.

మార్చి 22, శనివారం

ఇల్లు అమ్మడం లేదని ఏజెంటుకి ఒక్క మాటలో చెప్పేశాను.

పొద్దున్న ఫణి ఫోన్ చేశాడు. "రేపు లంచ్‌కి వస్తారా అత్తయ్యగారూ? గారెలు చేస్తున్నాం."

"వస్తాను" అన్నాను.

అవతల ఫణి భయంభయంగా అడిగాడు.

"అత్తయ్యగారూ, ఒంట్లో బాగానే ఉంది కదా?"